నీళ్ళు పాడుచేసినవాళ్ళు కట్టాలా, సర్కారు ఇవ్వాలా? పాలారు నేర్పిన లెక్క



పైన పెట్టిన వీడియో కొంచెం పెద్దది. మొత్తం చూసే తీరిక లేనివాళ్ళ కోసం, చూసినా అంకెలు రాసుకోలేకపోయినవాళ్ళ కోసం ఈ వ్యాసం. వీడియోలో గబగబా దాటేసిన చట్టం సంగతులు ఇక్కడ వివరంగా రాశాను.

పాలారు గురించి వీడియో చేస్తున్నానని చెప్పినప్పటి నుంచి చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు. "ఫ్యాక్టరీ నీళ్ళు పడి పొలం పాడైతే ప్రభుత్వం నుంచి ఏ స్కీము వస్తుందన్నా?" అని. అడగడంలో తప్పేం లేదు. కానీ దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. పాడుచేసింది ఎవరు? వాళ్ళ దగ్గర్నుంచి ఎంత రాబట్టాలి? సాయం అడగడం వేరు, నష్టపరిహారం అడగడం వేరు. రెండూ ఒకటే అనుకున్నచోట రైతుకు సాయమూ అరకొరగానే అందింది, పరిహారమూ అందలేదు.

డ్రమ్ములో ఉన్న ఆ 200 లీటర్లు

జీవామృతం లెక్క మీ అందరికీ నోటికి వచ్చు. 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, 200 లీటర్ల నీళ్ళు. పేడ నాటావుదా కాదా అని అడుగుతాం. బెల్లం నల్లదా తెల్లదా అని చూస్తాం. కానీ ఆ 200 లీటర్ల నీళ్ళు ఎక్కడివని ఎంతమంది అడుగుతున్నాం?

నీళ్ళలో ఉప్పు ఎక్కువైతే మనం పెంచుదామనుకున్న సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. క్రోమియం లాంటి లోహం ఉంటే అది మట్టిలో పేరుకుపోతుంది. కషాయాలు, ఆచ్ఛాదన, నవధాన్యాలు ఇవన్నీ మట్టికి బలం ఇస్తాయి గానీ, లోహాన్ని మాయం చేయలేవు. రసాయన రైతైనా, మనమైనా ఈ విషయంలో ఒకే పడవలో ఉన్నాం. నిజానికి మనకే దెబ్బ ఎక్కువ. ఎందుకంటే మనం అమ్ముకునేది నమ్మకాన్ని. ల్యాబు రిపోర్టులో ఒక్క అంకె తేడా వస్తే సర్టిఫికెట్, కొనేవాళ్ళు, ఇన్నేళ్ళ కష్టం అన్నీ పోతాయి. ఆ లోహాన్ని మన పొలంలో కలిపింది మనం కాకపోయినా సరే.

గ్రాంటు దేనికి ఇస్తున్నారు?

ముందు స్కీముల సంగతి చూద్దాం. పరంపరాగత్ కృషి వికాస్ యోజన కింద హెక్టారుకు మూడేళ్ళకు 31,500 రూపాయలు ఇస్తారు. అందులో రైతు ఖాతాలో నేరుగా పడేది 15,000. ఎకరాకి పంచితే ఏడాదికి దాదాపు 2,000. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్ కింద ఎకరాకి ఏడాదికి 4,000 చొప్పున రెండేళ్ళు.

ఈ డబ్బు దేనికి? ఆవుల మేపుకు, డ్రమ్ములకు, కషాయాల తయారీకి, శిక్షణకు. అంటే మన పద్ధతి మనం మార్చుకోవడానికి. ఆ పనికి ఇది మంచి సాయమే, నేనేమీ తక్కువ చేసి మాట్లాడడం లేదు. కానీ పక్కోడు పాడుచేసిన బావిని బాగుచేయడానికి పెట్టిన స్కీము కాదిది. ఎకరాకి 4,000తో చౌడు పట్టిన నేల బాగుపడదు, పోయిన పంట తిరిగి రాదు.

ఇంకో సంగతి. గ్రాంటు అంటే ప్రభుత్వం దయ తలిస్తే వచ్చేది. బడ్జెట్ ఉంటే ఇస్తారు, లేకపోతే ఆగుతుంది. నష్టపరిహారం అలా కాదు, అది హక్కు. నీ ఆవు నా పొలంలో పడి మేస్తే పెద్దమనుషులు నీతోనే నష్టం కట్టిస్తారు గానీ, ఊరుమ్మడి సొమ్ములోంచి తీసి ఇవ్వరు కదా. చట్టంలో "కాలుష్యం చేసినవాడే చెల్లించాలి" అనే సూత్రం అంటే ఇదే.

పాలారులో ఏం జరిగింది

ఈ సూత్రాన్ని మన సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన కేసుల్లో పెద్దది మన పక్కనే జరిగింది. పాలారు కర్ణాటకలో పుట్టి, మన చిత్తూరు జిల్లాలో కుప్పం వైపు ఓ 33 కిలోమీటర్లు పారి, తమిళనాడులో వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట మీదుగా సముద్రంలో కలుస్తుంది. ఆ ఊళ్ళ పేర్లు వింటే చెప్పులు, బూట్లు, తోలు గుర్తొస్తాయి. కిలో తోలు తయారవడానికి దాదాపు 35 లీటర్ల నీళ్ళు వాడతారని కోర్టు తీర్పులోనే ఉంది. వాడిన నీళ్ళు ఉప్పుతో, క్రోమియంతో కలిసి బయటికి వస్తాయి. శుద్ధి చేయకుండా వదిలితే వాగులోకి, చెరువులోకి, అక్కడినుంచి బావుల్లోకి.

వెల్లూరు పౌర సంక్షేమ వేదిక వేసిన కేసులో 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. తోలు పరిశ్రమలున్న ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో, కొంతవరకో సాగుకు పనికిరాకుండా పోయిందని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వెల్లూరు పరిశోధన కేంద్రం సర్వేని ఆ తీర్పు ప్రస్తావించింది. ఎకరాల్లో చెప్పాలంటే 86 వేల పైమాటే. దిండిగల్ దగ్గర 13 ఊళ్ళలో ఒక స్వచ్ఛంద సంస్థ చూసిన 467 బావుల్లో 350 పాడైపోయాయి.

జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం రెండు ముఖ్యమైన మాటలు చెప్పింది. ఒకటి, కాలుష్యం చేసినవాళ్ళు బాధితులకు పరిహారం ఇవ్వడమే కాదు, పాడైన నేలని, నీటిని తిరిగి బాగుచేసే ఖర్చు కూడా భరించాలి. రెండోది, తన పని వల్ల హాని లేదని నిరూపించుకోవాల్సిన బాధ్యత పరిశ్రమదే. ఒక్కో టానరీకి 10,000 రూపాయల జరిమానా కూడా వేసింది. పరిహారం లెక్క కట్టడానికి ఒక ప్రత్యేక అథారిటీ పెట్టమంది.

ఇక్కడిదాకా వింటే రైతులు గెలిచారనిపిస్తుంది. తర్వాతి లెక్క చూడండి.

అథారిటీ 2001 మార్చిలో లెక్క తేల్చింది. 547 టానరీలు కలిసి 29,193 మంది బాధితులకు దాదాపు 26.82 కోట్లు కట్టాలని. కోట్లలో వింటే పెద్దగానే ఉంటుంది. భాగించి చూస్తే సగటున ఒక్కొక్కరికి 9,200 కూడా రాదు. ఏళ్ళ తరబడి పంట పోగొట్టుకున్న మనిషికి! ఆ కాస్త కూడా అందరికీ సవ్యంగా అందలేదు. వసూళ్ళు సాగాయి, కేసులు సాగాయి, కాలుష్యమూ సాగింది.

2025 జనవరి 30: మళ్ళీ అదే కోర్టు, కొత్త ఆదేశం

చివరికి కథ మళ్ళీ సుప్రీంకోర్టుకే చేరింది. 2025 జనవరి 30న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ఇచ్చిన తీర్పు మనలాంటి రైతులందరూ తెలుసుకోవాల్సింది. అందులో సారాంశం ఇది.

ఇంకా పరిహారం అందని బాధితులు ఎవరైనా ఉంటే రాష్ట్ర ప్రభుత్వం ఆరు వారాల్లో ముందు తానే చెల్లించాలి. తర్వాత ఆ డబ్బుని కాలుష్యం చేసినవాళ్ళ దగ్గర వసూలు చేసుకోవాలి. పైగా, ఒకసారి పరిహారం కట్టేశాం కదా అని పరిశ్రమలు చేతులు దులుపుకోవడానికి లేదు. పాడైన పర్యావరణం తిరిగి బాగుపడేదాకా బాధ్యత కొనసాగుతుంది. ఇవన్నీ చూడడానికి హైకోర్టు మాజీ న్యాయమూర్తి అధ్యక్షతన కమిటీ వేయమంది.

నా మటుకు, "గ్రాంటా, పరిహారమా" అన్న వాదనకి ఇదే సరైన జవాబు. రైతుకి డబ్బు తొందరగా కావాలి, కోర్టుల చుట్టూ పాతికేళ్ళు తిరిగే ఓపిక లేదు. కాబట్టి సర్కారు ముందు ఇవ్వాలి. కానీ అది దానం కాదు, చేబదులు. ఆ బాకీ ఫ్యాక్టరీ పేరు మీద ఉండాలి, మన పన్నుల మీద కాదు.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. సర్కారు ఇచ్చేసి, వసూలు సంగతి మర్చిపోతే? అప్పుడు మళ్ళీ మొదటికే వస్తాం. కాలుష్యం ఉచితమైపోతుంది. అందుకే "మాకు ముందు ఇవ్వండి" అన్నంత గట్టిగా "వాళ్ళ దగ్గర ఎప్పటికి వసూలు చేస్తారో తేదీ చెప్పండి" అని కూడా అడగాలి. పంట రుణం బాకీ పడితే మనకి నోటీసు ఎంత తొందరగా వస్తుందో అందరికీ తెలుసు. రెవెన్యూ రికవరీ అనే ఆయుధం ప్రభుత్వం చేతిలో ఎప్పటినుంచో ఉంది.

వసూలు ఆలస్యమైతే ఎవరికి లాభమో రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీ కేసు చెబుతుంది. ఉదయ్‌పూర్ దగ్గర ఆ ఊళ్ళో రసాయన ఫ్యాక్టరీల వ్యర్థాలు భూగర్భంలోకి దిగి బావులన్నీ రంగు మారిపోయాయి. 1996 ఫిబ్రవరిలోనే బాధ్యత ఎవరిదో సుప్రీంకోర్టు తేల్చింది. నివారణ ఖర్చు 37.385 కోట్లని లెక్క వేస్తే, కంపెనీ పిటిషన్ల మీద పిటిషన్లు వేస్తూ 2011 దాకా లాగింది. ఆఖరికి కోర్టు 12 శాతం చక్రవడ్డీతో కట్టమంది. 12 శాతం చక్రవడ్డీ అంటే ఆరేళ్ళకోసారి అసలు రెట్టింపు. వాయిదాలు వేసి లాభపడదామనుకునేవాళ్ళకి అర్థమయ్యే భాష అదొక్కటే. పాలారు రైతుల పరిహారానికి కూడా మొదటి రోజు నుంచే అలాంటి వడ్డీ ఉండుంటే పరిస్థితి ఇంకోలా ఉండేదని నాకనిపిస్తుంది.

ఫ్యాక్టరీలకీ గ్రాంట్లున్నాయి

"రైతులకి అన్నీ ఫ్రీ" అని టౌనుల్లో మాట్లాడుకోవడం మీరూ వినే ఉంటారు. అలాంటివాళ్ళకి చెప్పాల్సిన సంగతి ఒకటుంది.

చిన్న పరిశ్రమలు కలిసి కట్టుకునే ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రాలకి 1991 నుంచి కేంద్ర ప్రభుత్వ సాయం ఉంది. 2012లో మార్చిన పద్ధతి ప్రకారం ఖర్చులో కేంద్రం వాటా 50 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. పరిశ్రమలు పెట్టుకోవాల్సింది మిగిలిన 25 శాతమే. అంటే కాలుష్యం చేసేవాడి మురుగు శుద్ధికి నూటికి 75 రూపాయలు జనం సొమ్ము.

చిన్న టానరీ యజమాని ఒంటరిగా శుద్ధి కేంద్రం కట్టలేడు, వాటిని నమ్ముకున్న వేలమంది కూలీల బతుకు కూడా చూడాలి. ఆ వాదనలో నిజముంది. కాబట్టి ప్లాంటు కట్టడానికి సాయం చేయడం తప్పనను. కానీ సాయం తీసుకున్నాక కూడా శుద్ధి చేయని నీళ్ళు బయటికొస్తే సాయమంతా వెనక్కి లాక్కునే షరతు ఉండాలి. మనకి సబ్సిడీ మీద డ్రిప్ ఇచ్చి, అధికారి వచ్చి పైపులు లెక్కబెట్టి ఫొటో తీసుకుంటాడు. ఆ పాటి తనిఖీ శుద్ధి కేంద్రం గేటు దగ్గర కూడా కావాలి కదా.

మరి మన సంగతేంటి?

ఇక్కడ మనం కూడా నిజాయితీగా ఉండాలి. నీటిని పాడుచేసేది ఫ్యాక్టరీ ఒక్కటే కాదు. తాగే నీళ్ళలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదికలో దేశం మొత్తం మీద పరీక్షించిన నమూనాల్లో దాదాపు అయిదింటిలో ఒకటి ఆ హద్దు దాటింది. పల్లెల్లో, పట్టణాల్లో మురుగు ఒక కారణం, పశువుల పెంట ఒక కారణం, పొలాల్లో వేసే నత్రజని ఎరువులు ఇంకో పెద్ద కారణం. మరి "పాడుచేసినవాడే కట్టాలి" అంటే యూరియా వేసే రైతు కూడా కట్టాలా?

నా అభిప్రాయం: ఇక్కడ జరిమానా కాదు, గ్రాంటే సరైన దారి. రెండు కారణాలు చెబుతాను.

మొదటిది కొలత. ఫ్యాక్టరీకి ఒక గొట్టం ఉంటుంది. అక్కడ సీసా పెట్టి నీళ్ళు పట్టుకుని ఎవరిదో, ఎంతో చెప్పొచ్చు. పొలాలకి గొట్టం ఉండదు. వంద మంది రైతుల పొలాల్లోంచి ఇంకిన నైట్రేట్‌లో ఎవరి వాటా ఎంతో ఏ ల్యాబూ తేల్చలేదు.

రెండోది, యూరియా వేయమని నేర్పింది ప్రభుత్వమే, చవగ్గా ఇస్తున్నదీ ప్రభుత్వమే. 45 కిలోల బస్తా మనకి 266.50కి దొరుకుతోంది. దాని అసలు ఖర్చు ఇంతకు ఎన్నో రెట్లు, మిగతాదంతా సబ్సిడీ. ఒక చేత్తో బస్తాకి సబ్సిడీ ఇచ్చి, ఇంకో చేత్తో జరిమానా వేస్తే అది న్యాయం కాదు. మానేయడానికి సాయం చేయాలి.

అలా చేసి చూపించిన ఊరుంది. జర్మనీలో మ్యూనిక్ నగరానికి తాగునీళ్ళు ఎక్కువగా మాంగ్‌ఫాల్ లోయ నుంచి వస్తాయి. ఆ లోయలో రైతులు సేంద్రియానికి మారితే హెక్టారుకి ఇంతని 1992 నుంచి నగర నీటి సంస్థ డబ్బులిస్తోంది. నైట్రేట్ వచ్చాక శుద్ధి చేసే బదులు, రాకుండా చూసుకున్నారు. మన పట్టణాలకి నీళ్ళిచ్చే చెరువుల కింద, రిజర్వాయర్ల పైన ఉన్న ఊళ్ళలో ప్రకృతి రైతులకి ఇలా ఎందుకు ఇవ్వకూడదు? ఈ డబ్బు మనం దయగా అడగక్కర్లేదు. నీళ్ళు శుభ్రంగా ఉంచుతున్న పనికి అది కూలి.

కాబట్టి నా లెక్క మూడు ముక్కల్లో ఇది. గొట్టం ఉన్నచోట పాడుచేసినవాడు కట్టాలి. గొట్టం లేనిచోట, అందరం కలిసి పాడుచేస్తున్నచోట మారడానికి గ్రాంటు ఇవ్వాలి. ఇప్పటికే నష్టపోయిన రైతుకి సర్కారు ముందు ఇచ్చి, తర్వాత గొట్టం ఉన్నవాడి దగ్గర వసూలు చేయాలి.

ఇప్పుడు మనం చేయాల్సిన పనులు

ఒకటి, నీళ్ళు బాగున్నప్పుడే పరీక్ష చేయించి పెట్టుకోండి. చెడిపోయాక చేయించే రిపోర్టు సగం సాక్ష్యమే. ముందు ఎలా ఉండేవో చూపే కాగితం ఉంటేనే రెండో సగం పూర్తవుతుంది. బోరు పది పదిహేను నిమిషాలు ఆడనిచ్చి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాని అవే నీళ్ళతో మూడుసార్లు కడిగి నింపండి. సీసా మీద తేదీ, సర్వే నంబరు రాయండి. ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలంలో ఒకటి, వానల తర్వాత ఒకటి.

రెండు, రిపోర్టులో ఏం చూడాలి? ముందు ఈసీ. అది 0.75 లోపు ఉంటే సాగుకు దిగుల్లేదు, 2.25 దాటితే చాలా పంటలకి కష్టం. ఈసీని 640తో గుణిస్తే సుమారుగా టీడీఎస్ వస్తుంది. దగ్గర్లో తోలు, లోహపు పూత పనులుంటే క్రోమియం పరీక్ష విడిగా అడగండి. సాగునీటికి ప్రపంచ ఆహార సంస్థ చెప్పే హద్దు లీటరుకు 0.1 మిల్లీగ్రాము. లోహాల పరీక్షకి నమూనా పట్టే పద్ధతి వేరు, ల్యాబువాళ్ళని ముందే అడిగి సీసా తీసుకోండి.

మూడు, మీరు పట్టిన సీసా మీ అనుమానానికి బలం ఇస్తుంది గానీ, జల చట్టం కింద ఫ్యాక్టరీ మీద చెల్లే సాక్ష్యం కావాలంటే కాలుష్య నియంత్రణ మండలి అధికారే తీయాలి. సెక్షన్ 21 ప్రకారం ఫ్యాక్టరీవాళ్ళకి నోటీసు ఇచ్చి, నమూనాని రెండు భాగాలు చేసి, సీలు వేసి ల్యాబుకి పంపాలి. ఫిర్యాదులో "సెక్షన్ 21 ప్రకారం నమూనా తీయండి" అని రాయండి. అందినట్టు ముద్ర వేయించుకోండి.

నాలుగు, ఏ ఫ్యాక్టరీకి ఏ షరతులతో అనుమతి ఇచ్చారో మండలి దగ్గర రిజిస్టరు ఉంటుంది. కాలుష్యం వల్ల ప్రభావితమైనవాళ్ళు దాన్ని చూడొచ్చని సెక్షన్ 25 చెబుతోంది. చూపించకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

అయిదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మండలి ఫ్యాక్టరీ మీద వేసే పర్యావరణ పరిహారం రైతు ఖాతాలోకి రాదు. మన నష్టం మనమే విడిగా అడగాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 2010, సెక్షన్ 15 కింద దరఖాస్తు వేయొచ్చు. మన రెండు రాష్ట్రాలకి చెన్నై బెంచ్. నష్టానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి అయిదేళ్ళు గడువు, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. ఫీజు అడిగిన పరిహారంలో ఒక శాతం, కనీసం 1,000. అంటే 5 లక్షలు అడిగితే 5,000. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్ళకి ఫీజు లేదు. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచితంగా లాయరు సాయం దొరుకుతుంది. జిల్లా కోర్టులోనే ఆ ఆఫీసు ఉంటుంది.

ఆరు, ఒంటరిగా వెళ్ళకండి. మన పీజీఎస్ గ్రూపులు ఉన్నవే ఒకరి పొలం ఒకరు చూసుకోవడానికి. పొలం తనిఖీ కాగితంలోనే నీళ్ళ రిపోర్టు కూడా జత చేసే అలవాటు పెట్టుకుంటే, పదిమంది బావుల లెక్క ఏళ్ళ వారీగా మన చేతిలో ఉంటుంది. మూడేళ్ళకి అదే పెద్ద సాక్ష్యం. మా గ్రూపులో ఈ సీజను నుంచి మొదలుపెట్టాం. ఒక్కో సభ్యుడి దగ్గర పరీక్ష ఖర్చు వసూలు చేయకుండా, అమ్మకాల మీద తీసే గ్రూపు కమీషన్‌లోంచే కడుతున్నాం.

పాలారు ఒడ్డున రైతులకి 1996లో సూత్రం దొరికింది, 2001లో అంకె దొరికింది, 2025లో మళ్ళీ ఆదేశం దొరికింది. సూత్రానికీ, చేతికందే డబ్బుకీ మధ్య ఇన్నేళ్ళు పట్టకూడదంటే మన దగ్గర కాగితం ముందే సిద్ధంగా ఉండాలి. వచ్చే వీడియోలో నీళ్ళ రిపోర్టు చదవడం ఎలాగో అంకె అంకెకీ చూపిస్తాను. ఈలోగా మీ బోరు నీళ్ళు ఒక సీసా పట్టి ల్యాబుకి పంపించండి.

ఉంటాను మరి. నమస్తే.